జపాను పుష్పకళలో క్రొత్త చేతులు

తెలుగునాట పూవు మనిషి చేతికి వచ్చినచో మొట్టమొదట కాడను పోగొట్టుకొనును. మల్లెలు దండయగును, బంతిపూలు తోరణమగును, మందారము ముచ్చికతో త్రుంచబడి దేవుని పాదములు చేరును. బతుకమ్మ పండుగకు తంగేడును గునుగును కట్టలుగా కోసి తెచ్చినను, తాంబాళములో వరుసలుగా పేర్చిన పిదప కంటికి కనబడునవి పూలే గాని కాడలు గావు. పూవనగా రంగు, వాసన, మెత్తదనము. కాడయనగా అంతవరకు దానిని మోసిన పుల్ల. ఈ అలవాటున్నవారు జపానుదేశపు పుష్పవిన్యాసమును తొలిసారి చూచినపుడు కొంచెము విస్తుపోవుటలో వింతలేదు. పళ్లెములో నీరు, అందులో వంగిన కొమ్మ యొకటి, రెండాకులు, ప్రక్కగా విచ్చీ విచ్చని పూవొకటి, తక్కినదంతయు ఖాళీ. పూలేవియని అడుగబుద్ధి పుట్టును.

ఆ విద్యకు ఇకెబానా అని పేరు. కోసిన పూవును బ్రతికియున్నట్లు నిలుపుట యని దాని భావము. దానినే కదో, అనగా పుష్పమార్గము, అనియు పిలుతురు. అందు ప్రధానమైనది కాడయే. కాడ ఎటు వంగినది, ఎంత యెత్తున పూవును మోయుచున్నది, నీటిలోనుండి ఎట్లు పైకి లేచినది అనునదే అక్కడి చూపు. పూలను విరివిగా నింపుట ఆ విద్యలో గొప్పగాదు, తీసివేయుట గొప్ప. కొమ్మకును కొమ్మకును నడుమ మిగిలిన చోటు కూడ కూర్పులోని భాగమే.

ఈ మార్గమున నడచినవారి వరుస పెద్దది. క్యోటో నగరమున రొక్కకుదో అను బౌద్ధాలయము కలదు. ఆరు మూలల మందిరమని ఆ పేరున కర్థము. అక్కడి కొలని ప్రక్కన అర్చకులుండిన కుటీరమునకు ఇకెనోబొ అని పేరు. క్రమముగా అదియే అర్చకవంశమునకును, వారి పుష్పవిద్యకును పేరైనది. 1462వ సంవత్సరమున ఆ వంశమునకు చెందిన సెన్కెయి అను భిక్షువు కూర్చిన పూలను చూచుటకు నగరములోని రసికులు పోటీపడి వచ్చిరని ఆనాటి సన్యాసి యొకడు తన దినచర్యలో వ్రాసికొన్నాడు. దేవునికి పూలు పెట్టుట అంతకుముందును కలదు. పెట్టినవాని పేరు చెప్పుకొని చూడవచ్చుట మాత్రము ఇక్కడ కనబడుచున్నది. తరువాతి శతాబ్దమున సెన్నొ అను ఆచార్యుడు ఈ విద్యకు సిద్ధాంతము చెప్పెను. విచ్చిన పూలయందే గాక ఎండిన కొమ్మయందును చూడదగినది కలదని ఆయన బోధ.

ఐదువందల యేండ్లు దాటిన విద్యలో క్రొత్తవాడు చేయదగిన దేమి మిగిలియుండును? పద్యవిద్య నేర్చుకొను మన విద్యార్థియు ఒకనాడు ఈ ప్రశ్నయే వేసికొనును. గణములు కుదిరినవి, యతి కుదిరినది, ప్రాస తప్పలేదు. అయినను పద్యములో తనదేది? జపానులో నేడు కత్తెర పట్టుచున్న యువకులకును యువతులకును ఈ ప్రశ్న మరింత కఠినముగా ఎదురగుచున్నది. ఏలయన, కవి వ్రాసిన పద్యము కాగితముమీద నిలుచును. వీరు చేసినది వారము తిరుగకముందే వాడిపోవును.

మొదటి పాఠము ఎట్లుండునో తెలిసికొన్నగాని ఈ కష్టము బోధపడదు. సోగెత్సు అను శాఖవారి తొలిపాఠమును ఉదాహరణముగా గైకొనవచ్చును. విద్యార్థి ముందు ఒక వెడల్పాటి పళ్లెము, నీళ్ల గిన్నె, కత్తెర, కెన్జాన్ ఉండును. కెన్జాన్ అనునది బరువైన లోహపు దిమ్మ. దానిపై దట్టముగా ఇత్తడి సూదులు నిలిచియుండును. కాడను ఆ సూదులలో గ్రుచ్చినచో కదలక నిలుచును. కాడను కోయుట నీటి లోపలనే జరుగవలెను. బయట కోసినచో గాలి చొరబడి నీరు పైకెక్కనీయక పూవు త్వరగా వాడును. ఇక ముఖ్యమైన కొమ్మలు మూడు: షిన్, సొయె, హికయె. వీటి పొడవునకు లెక్క కలదు. పళ్లెపు వెడల్పును లోతును కూడి ఒకటిన్నర రెట్లు చేసిన వచ్చునది షిన్ యొక్క పొడవు. పళ్లెము వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 6 సెంటీమీటర్లు అయినచో, రెంటిని కూడగా 36. దానికి ఒకటిన్నర రెట్లు 54. అందు నాలుగింట మూడు వంతులు సొయె, సుమారు 40. సొయెలో మరల నాలుగింట మూడు వంతులు హికయె, సుమారు 30. నిలువుగీతనుండి షిన్ పది పదునైదు డిగ్రీలు మాత్రమే ఒరుగవలెను. సొయె 45 డిగ్రీలు, హికయె 75 డిగ్రీలు. బడిలో క్షేత్రగణితము తప్పించుకొన్నవారు పూలవద్దకు వచ్చి మరల దానికే చిక్కుదురన్నమాట.

లెక్క తెలిసినంత మాత్రమున కొమ్మ మాట వినునా? ప్రతి కొమ్మకును ఎండవైపు తిరుగు ముఖ మొకటి, వీపొకటి ఉండును. వీపు చూపుచు నిలిపినచో కొలతలన్నియు సరిపోయినను కూర్పు ముడుచుకొని కూర్చున్నట్లుండును. కొమ్మను వంచవలసి వచ్చినచో రెండు బొటనవ్రేళ్లును ఆనించి, అరచేతి వెచ్చదనముతో మెల్లమెల్లగా లొంగదీయవలెను. తొందరపడిన పుటుక్కున విరుగును. విద్యార్థి తన పని ముగించి లేచును. ఆచార్యురాలు అదేచోట కూర్చుండి, విద్యార్థి చూచినచోటునుండియే చూచును. ఒక ఆకు తీసివేయును. ఒక కొమ్మను వ్రేలెడు మేర కత్తిరించును. మరియొకదానిని కొంచెము ముందునకు వంచును. అంతే; అరగంట సేపు బిగిసికొనియున్నది ఒక్కసారిగా ఊపిరి పీల్చుకొన్నట్లగును. తరువాత విద్యార్థి ఆ కూర్పునంతయు విప్పి, కాడలను కాగితములో చుట్టుకొని, ఇంటికి పోయి, చూచినదానిని జ్ఞాపకమునుండి మరల నిలుపును. ఇట్లు వారమునకొక తడవ, సంవత్సరముల తరబడి.

నేర్చినవానికి మెట్టు మెట్టునకును యోగ్యతాపత్రములు కలవు. అవి శాఖాధిపతి పేరుమీద వచ్చును. శాఖాధిపతిని ఇయెమోతొ అందురు. వంశపారంపర్యముగా వచ్చు గురుపీఠమది. కొంత కాలమునకు విద్యార్థికి పుష్పనామమును ఇత్తురు, బోధించు అర్హతయు లభించును. ప్రతి మెట్టునకును రుసుము చెల్లింపవలెను. ఈ యేర్పాటువలన విద్య చెడక నిలిచినదను మాట నిజము. గురుకులములు, ఘరానాలు, హరికథల సంప్రదాయములు ఎరిగిన మనకు దానిని తప్పుపట్టుట సులువుగాదు. అయినను ప్రతిభకంటె పీఠమునకు పెద్దరికమిచ్చుట కూడ అందు కలదు. ఒహారా శాఖలో 1995వ సంవత్సరమున ఐదవ శాఖాధిపతి పీఠమెక్కునాటికి ఆయన వయస్సు ఆరేండ్లు. తండ్రి ముందే మరణించెను, తాతయు పోయెను, పీఠము బాలుని వెదకికొని వచ్చెను. హిరొకి అను ఆ బాలుడు పెరిగి, నేర్చి, నేడు పేరుగన్న కళాకారుడైనాడు. తనకు అక్షరములు పూర్తిగా రాకముందే వేలాదిమంది పెద్దల యోగ్యతాపత్రములు తన పేరు మోయుట ఆ పసివానికి ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే.

క్రొత్తవారు పీఠముల వెలుపలకు పోయి త్రోవ చేసికొనుట ఈనాటి మాట గాదు. ఒహారా శాఖయే 19వ శతాబ్ది చివర ఒకానొకని సాహసమునుండి పుట్టినది. పాశ్చాత్యదేశములనుండి దిగుమతియైన పొట్టికాడల పూలు పాత పద్ధతుల పొడవాటి పాత్రలకు ఒదుగకపోవుట చూచి, ఒహారా ఉన్షిన్ అను నాయన వెడల్పు పళ్లెములలో పూలను పోగుగా నిలుపు మొరిబన పద్ధతిని పుట్టించెను. నేడు దేశదేశముల ప్రారంభకులందరును మొదట పట్టునది ఆ పళ్లెమునే. తరువాత తెషిగహార సోఫు వచ్చెను. 1900లో జన్మించిన ఆయన, పుష్పగురువైన తండ్రి త్రోవ సరిపడక విడిపోయి, 1927వ సంవత్సరమున సోగెత్సు శాఖను నెలకొల్పెను. 1929లో ఆయన రేడియోద్వారా పూలపాఠములు చెప్పెను. కనబడని పూలను వినిపించి నేర్పుట! ఉపాధ్యాయవృత్తిలోనున్నవారు ఆ నేర్పును క్షణమాగి మెచ్చుకొనక తప్పదు. ఎవరైనను, ఎప్పుడైనను, ఎక్కడనైనను, ఏ వస్తువుతోనైనను పుష్పవిన్యాసము చేయవచ్చునని ఆయన మతము. ఇనుపముక్కలు, రాళ్లు, ఎండిన వేళ్లు ఆయన చేతిలో పూల సరసన చేరినవి. అయితే తండ్రిని కాదని వెళ్లిన ఆయన శాఖయు వంశము వెంటనే నడచినది. 1979లో ఆయన మరణింపగా కుమార్తె, ఆమె మరుసటి యేడే పోవుటచే చలనచిత్ర దర్శకుడుగా ప్రఖ్యాతుడైన కుమారుడు హిరొషి, 2001లో ఆయన కుమార్తె అకనె పీఠమునకు వచ్చిరి. పీఠమును కాదన్నవాడు మరియొక పీఠము వేయకుండుట అరుదు.

అట్లు వేయని వాడొకడు కలడు, నకగావ యుకియొ. నేటి యువకళాకారులు తరచు తలచుకొను పేరది. 1918లో కగావ ప్రాంతమున మరుగమె అను ఊర పుట్టెను. పసితనమున వెన్నెముకకు వచ్చిన వ్యాధిచే ఆయన జీవితమంతయు గూనితోడనే గడచెను. కొంతకాలము అచ్చుపనిలో ఉండి, ఇకెనోబొ పద్ధతి నేర్చి, 1951లో ఆ శాఖను విడిచెను. ఇంకొక శాఖలో చేరలేదు, తానొక శాఖ పెట్టలేదు, శిష్యులను చేర్చుకొనలేదు. యోగ్యతాపత్రములు ఇచ్చి బ్రతుకు త్రోవ లేదు గనుక పేదరికము తప్పలేదు. ఒక శాఖకు అధిపతియైన స్త్రీ తన పీఠము వదలుకొని ఆయనను పెండ్లాడెను. 1973లో ఆయన చేసిన పని చూచి కొందరు అసహ్యించుకొనిరి, కొందరు మాటరాక నిలిచిరి. తొమ్మిదివందల ఎఱ్ఱని కార్నేషన్ పూలను ఒక గాజుపాత్రలో క్రుక్కి, మ్రగ్గనిచ్చి, ఆ పాత్రను తెల్లని కాగితముమీద తలక్రిందులుగా బోర్లించెను. పూలరసము నెత్తురువలె కాగితముపై పారెను. పూవు బ్రతుకును చూపుటకు ఐదు శతాబ్దములు పాటుపడిన విద్యలో పూవు చావును దాచక చూపినది ఆ పని. దానిని అందరును మెచ్చవలెనని లేదు. కాని దానిని చూచిన తరువాత, పాత్రలో నిలిపిన పూవు కోయబడిన పూవేయను సంగతి మరచుట ఏ కళాకారునికిని తరము గాకపోయెను. 2012లో, తొంబదిమూడేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను.

యుద్ధానంతరము ఈ విద్య సముద్రము దాటెను. జపానులోనుండిన విదేశీయుల కుటుంబములవారు నేర్చుకొని తమ దేశములకు కొనిపోయిరి. 1956లో ఎలెన్ గోర్డన్ ఆలెన్ అను అమెరికా వనిత టోకియోలో ఇకెబానా ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించెను. భారతదేశమునను దాని శాఖలు వెలసినవి. హైదరాబాదులో ఒహారా పద్ధతి నేర్పు కేంద్రము కలదు. ప్రదర్శనలును జరుగుచున్నవి. ఋతువు ఈ విద్యకు ప్రాణము. మంచు కురియు దేశములో పుట్టిన విద్యను వేసవిలో నిప్పులు చెరగు దక్కనుకు తెచ్చునపుడు, పైన్ కొమ్మకు బదులేమి, చెర్రీపూవునకు బదులేమి యని వెదకుకొనుటతోనే ఇక్కడి విద్యార్థి స్వతంత్రత మొదలగును. మన మోదుగుకొమ్మ ఆకురాల్చి పూచునపుడు దానిని చూచిన జపాను ఆచార్యుడెవ్వడును విరిచి సరిదిద్దవలెనని కోరడు.

జపానులో మాత్రము పరిస్థితి పూర్వమువలె లేదు. ఒకప్పుడు పెండ్లికెదిగిన ఆడపిల్ల టీ మర్యాదను, పుష్పవిద్యను నేర్చితీరవలెనని తల్లిదండ్రులు కోరెడివారు. భిక్షువులును, యోధులును, అనగా పురుషులే ప్రధానముగా సాధించిన విద్య, మెయిజీ కాలమున బాలికా పాఠశాలలలో ప్రవేశించి, క్రమముగా స్త్రీల విద్యగా పేరుపడెను. నేడు ఆ నిర్బంధము సడలినది. ఇండ్లలో పూలు నిలుపుటకై ప్రత్యేకముగా కట్టెడి తొకొనొమ అను గూడు, బహుళాంతస్తుల భవనములలోని చిన్న గదులలో కానరాకున్నది. నేర్చుకొనువారి సంఖ్య వెనుకటికంటె చాల తగ్గినది. ఆచార్యులలో వృద్ధులే హెచ్చు. ఇది నష్టమనువారు కలరు. కాని బలవంతముగా కూర్చుండిన వందమంది పోయి, ఇష్టపడి వచ్చిన పదిమంది మిగులుట ఏ తరగతికైనను కీడు గాదు. అట్టి యిష్టముతో వచ్చినవారిలో బాలురును కలరు. ఇకెనోబొ శాఖవారు తమ యువకులను కొందరిని ఏర్చి 'ఇకెనోబాయ్స్' అని ఒక బృందమును కూర్చిరి. ఆ పేరులోని చమత్కారము వివరింప నక్కరలేదు.

ఉన్నత పాఠశాలలలో పుష్పకళా సంఘములున్నవి. బడి విడిచిన పిదప పిల్లలు కొందరు బంతియాటకు, కొందరు సంగీతమునకు పోవునట్లు, కొందరు కత్తెరతో కూర్చుందురు. కోషియెన్ అనునది ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ పోటీలు జరుగు క్రీడాస్థలము. ఆ పేరు చెప్పిన జపానులో ప్రతివానికిని ఒడలు పులకించును. ఇకెనోబొ వారు 2009 నుండి 'పూల కోషియెన్' అను పోటీని నడపుచున్నారు. ఒక్కొక్క జట్టున ముగ్గురు విద్యార్థులు. నిర్ణీతమైన సమయములో ముగ్గురును కలిసి కూర్పు చేయవలెను. అంతటితో విడువరు, తాము చేసినదేమో, ఏల చేసినారో సభలో నిలిచి చెప్పవలెను. పదునారేండ్ల పిల్లవాడు తన ఊరి కొండను గూర్చియో, తన తాతను గూర్చియో, ఒక వంగిన కొమ్మను చూపి చెప్పుట అక్కడ సామాన్యము. వ్యాసము వ్రాయుమనిన పెన్ను కొరుకు పిల్లలు ఏ దేశముననైనను కలరు. వారిలో కొందరికైనను చేతిలో కొమ్మయుండిన మాట వచ్చునేమో.

ఇంకొక పోటీ కలదు. దానిని పూలయుద్ధమని తెనిగింపవచ్చును. రంగస్థలముపై రెండు జట్లు, జట్టునకిద్దరు. సమయము ఐదు నిముషములు. ఎట్టి పూలున్నవో ముందుగా తెలియదు. పిల్లలు పరుగెత్తి కొమ్మలు ఏరుదురు, కోయుదురు, నిలుపుదురు. నీరు చిందును, ఆకులు ఎగురును. తీర్పులో ప్రేక్షకులకును పాలు కలదు. మౌనముగా, మోకాళ్లపై కూర్చుండి సాధించిన విద్య ఇట్లు సంతలోని పరుగుపందెమగుటయా యని వృద్ధాచార్యులు కొందరు నొచ్చుకొనుట సహజమే. తెలుగువారు మాత్రము తొందరపడి తలయూపరాదు. అవధానమునందు పృచ్ఛకుడిచ్చిన సమస్యను నిలిచినచోటనే పూరించుట చూచి చప్పట్లు చరచినవారమే గదా! ఆశువుగా వచ్చినదంతయు కవిత్వముగాదు. అయినను ధార లేనివాడు ఆ వేదిక నెక్కలేడు. ఐదు నిముషములలో నిలిపిన కొమ్మ వెనుక వందలకొలది గంటల అభ్యాసమున్నదో లేదో చూచు కన్నులకు తెలియును. ఇందొక చిక్కు మాత్రము కలదు. చప్పట్లు పెద్దదానికే ముందుగా పడును. తీసివేయుటలోని అందము ఐదు నిముషములలో సభకు అందుట కష్టము. ఆ పిల్లలు తరువాత ఒంటరిగా ఒక గదిలో, ఒకే పూవుతో ఏమి చేయుదురో అదియే వారికి అసలు పరీక్ష.

అట్టి పరీక్షకు నిలిచిన కళాకారుని కథ యొకటి చెప్పవలసియున్నది. కతగిరి అత్సునొబు 1973లో ఒసాకాలో జన్మించెను. మిససగి అను చిన్న శాఖకు 1997లో, ఇరువదినాలుగేండ్ల వయస్సున, అధిపతియయ్యెను. అడవిపూలను వాడిన చిన్న కూర్పులనుండి, గది నిండు పెద్ద రచనలవరకు చేసి, క్రొత్తతరము వారిలో పేరు తెచ్చుకొనెను. పీఠము చేతికి వచ్చినవాడే గనుక పేరుకొరకు ఎక్కడికిని పోనక్కరలేదు. అయినను పోయెను.

2011 మార్చి 11వ తేదీన జపాను ఈశాన్యతీరమున భూకంపమును, దాని వెంట సునామీయు వచ్చినవి. ఫుకుషిమాలోని అణువిద్యుత్కేంద్రము దెబ్బతిని, రేణుధార్మికత వెలువడెను. కేంద్రమునకు ఇరువది కిలోమీటర్ల లోపలి జనులను ఖాళీ చేయించిరి. మినమిసోమ అను పట్టణములో కొంత భాగము ఆ హద్దులో పడెను. అలలు ఇండ్లను ఊడ్చుకొని పోయినవి; వరిపొలములు ఉప్పునీటి మడుగులైనవి. మనుష్యులు మరల వచ్చి నాగలి పట్టు వీలులేదు. ఆ పొలములలో, తరువాతి సంవత్సరములందు, నీలిపూలు గుంపులు గుంపులుగా పూచినవి. దానికి మిజుఅఒయి అని పేరు. మన చెరువులను కప్పివేయు గుర్రపుడెక్క కుటుంబమునకు చెందినదే గాని, దానివలె పరదేశపు బెడద గాదు, ఆ నేలకు సొంతమైనది. ఒకప్పుడు వరిమళ్లలో కలుపుగా పెరిగెడిది. మళ్లను చదునుచేసి కట్టుదిట్టము చేయుటవలనను, కలుపుమందులవలనను కనుమరుగై, అంతరించిపోవు మొక్కల జాబితాలో చేరినది. సునామీ నేలను తలక్రిందులు చేయగా, మట్టి యడుగున ఏండ్ల తరబడి నిద్రించిన విత్తనములు వెలుగు చూచి మొలచినవి.

ఈ వార్త కతగిరిని అక్కడికి రప్పించెను. 2013 చివరినుండి మరుసటి సంవత్సరపు వేసవివరకు ఆయన మినమిసోమలో కాపురముండి, ఆ చుట్టుప్రక్కల పూచిన పూలనే సేకరించి, ఆ నేలమీదనే కూర్పులు చేసెను. కూలిన ఇండ్ల నడుమ, అలలు విడిచిపోయిన వస్తువుల నడుమ పూలు నిలిచినవి. చూడవచ్చు సభ లేదు. చప్పట్లు లేవు. కూర్పు ముగిసిన పిదప ఛాయాచిత్రము తీయుట, మరియొకచోటికి పోవుట. ఆ చిత్రములు 2015లో గ్రంథముగా వెలువడినవి. దానికాయన పెట్టిన పేరు 'శాక్రిఫైస్'. బలి యనియు, నైవేద్యమనియు రెండర్థములును ఆ ఆంగ్లపదమునకు కలవు.

ఈ పేరు దగ్గర కొంచెము నిలువవలసియున్నది. కరుణశ్రీ 'పుష్పవిలాపము' చదివి, ఘంటసాల కంఠమున విని, కన్నులు చెమర్చిన తెలుగువారికి పూవును కోయుట చిన్నపని గాదు. పూజకైనను సరే, కోయవచ్చిన చేతిని పూవు నిలదీయును. ఆ ప్రశ్నకు తెలుగు పాఠకుడు సాధారణముగా ఒక నిట్టూర్పుతో ప్రత్యుత్తర మిచ్చును. మరునాటి ఉదయము పూలసజ్జ పట్టుకొని పెరటిలోనికి పోవును. పుష్పకళాకారునికి ఆ సౌలభ్యము లేదు. కోయుట ఆయన వృత్తి. కోసి తెచ్చిన పూవు పదునెనిమిదివేలకు మించిన ప్రాణములు పోయిన, ఆచూకి లేకపోయిన తీరమునకు నైవేద్యమని కతగిరి తలచెను. కాని ఆ నేలలో, మనిషి లేని చోట, తనంత తాను పూచిన మిజుఅఒయికి కత్తెర అవసరమేమి? అక్కడ పూవు బ్రతికించువాని కొరకు ఎదురుచూడలేదు. మనిషి వెళ్లిన పిదపనే బ్రతికినది. పూవును బ్రతికించుట తన విద్యయని నమ్మినవానికి ఇది ఇబ్బంది కలిగించు సంగతియే. ఆ చిత్రములలో ఆయన దానిని దాచలేదు. కొన్నిటిలో కూర్పు ఎక్కడ ముగిసినదో, దానంతట అది పెరిగిన గడ్డి ఎక్కడ మొదలైనదో గీత గీయుట కష్టము. నకగావ పూవు చావును చూపినచో, ఈయన పూవునకు మనిషితో పనిలేని బ్రతుకును చూపెననవచ్చును.

అదే కాలమున క్యోటోలో పుట్టిన కవసె తొషిరో అను పెద్ద కళాకారుడు వేరొక త్రోవ పట్టెను. 2011 జూను నెలనుండి సంవత్సరము పొడవున, దినమునకొక పూవు చొప్పున, పాత కుండలలోను బుట్టలలోను నిలిపి చూపెను. ఒక్కొక్కదానిలో ఒకటి రెండు కాడలకు మించి లేవు. దేశము దుఃఖములోనున్నపుడు పుష్పగురువు చేయగలిగినదేమని అడుగువారికి, ఉదయము లేచి పోయి పూవు తెచ్చుటయని ఆయన చేసి చూపినట్లున్నది. యువకులలో పలువురు పెద్ద వేదికలు విడిచి చిన్న పాత్రలవైపు, పూలయంగడి విడిచి పొలము గట్లవైపు తిరుగుటకు ఆ సంవత్సరమే కారణమని చెప్పుట అతిశయోక్తి కావచ్చును గాని, అబద్ధము గాదు.

మినమిసోమలో ఖాళీచేయించిన భాగమునకు 2016 జూలైలో చాలవరకు ఆంక్షలు తొలగించిరి. కొందరు తిరిగివచ్చిరి, చాలమంది రాలేదు. సముద్రమునకు అడ్డుగా గోడలు లేచినవి. మళ్లను మరల చదును చేసిరి, ఉప్పును కడిగివేసిరి, కొన్నిట వరి నాటిరి. రైతునకది పండుగ. మిజుఅఒయికి మాత్రము చోటు తగ్గుచున్నది. దానిని కాపాడవలెనని తలచినవారు కొందరు మొక్కలను వేరుచోటులకు మార్చి పెంచుచున్నారు. తక్కినది మరల వరి వేళ్ల క్రింద, మట్టిలో, విత్తనముగా ఉన్నది.